బొమ్మలు చేసే చేతులకు మార్కులెక్కడ?

“సైన్సు చదివేవాళ్ళకు బొమ్మల గొడవ ఎందుకు?” అని ఈ శీర్షిక చూసిన మిత్రులు కొందరు నవ్వుకుంటారని నాకు తెలుసు. సావనీర్ అన్నాక నిరుద్యోగం మీద రాయాలి, విద్యావిధానం మీద రాయాలి, అదీ కాకపోతే ప్రేమ మీద ఒక కవితన్నా రాయాలి. అవేవీ కాకుండా అగ్గిపెట్టెలూ, సీసా మూతలూ, పగిలిన గాజులూ, పాత సైకిలు ట్యూబులూ పట్టుకొచ్చి పేజీలు నింపడం ఏమిటి? అయినా సరే, చెప్పదలచుకున్నది చెబుతాను. ఇంట్లో మూలనపడిన చిన్నాచితకా వస్తువులతో ఒక బొమ్మను తనకు కావలసినట్టు మార్చుకునే పిల్లవాడి తెలివికి మన చదువుల్లో చోటు లేకపోవడం కూడా దేశ సమస్యే! ఆ చోటు ముందుగా మన కాలేజీలో కల్పించాలన్నది నా వాదం.

కొలువు కింద ఉన్న ఊరు

సంక్రాంతికి బొమ్మల కొలువు పెట్టే ఇళ్ళు మన వైపు ఇంకా ఉన్నాయి. కొందరు దసరాకు పెడతారు. మెట్లు కట్టి, తెల్లదుప్పటి పరిచి, పై మెట్టు మీద దేవుళ్ళనూ, కింది మెట్ల మీద పెళ్ళివారినీ, కూరగాయలమ్మే ముసలమ్మనూ, సెట్టి బొమ్మనూ నిలబెడతారు. పేరంటానికి వచ్చిన పెద్దవాళ్ళు మెట్ల వంక చూసి, ఏ బొమ్మ ఎక్కడ కొన్నారో, ఎంతకు కొన్నారో అడుగుతారు. పిల్లలు మాత్రం మెట్ల దగ్గర నిలవరు. మెట్ల కింద నేల మీద పరిచిన ఊరి చుట్టూ చేరతారు.

ఆ ఊరిని ఎవరూ కొనలేదు. అద్దం ముక్క చుట్టూ ఇసుక పోస్తే చెరువయింది. అగ్గిపెట్టెలకు రంగు కాగితం అతికిస్తే ఇళ్ళయ్యాయి. దారపుండల ఖాళీ రీళ్ళు గుడి స్తంభాలు. చీపురు పుల్లలు పొలం కంచె. టానిక్కు సీసా మూతకు దారం కడితే బావిలో బొక్కెన. కొబ్బరి చిప్పల్లో మట్టిపోసి చల్లిన ఆవాలూ, రాగులూ మొలిస్తే అవే వరిచేలు! నిరుటి పట్టు జాకెట్టు అంచు ముక్కతో చీర కట్టించుకున్న పాత మట్టిబొమ్మ ఆ చేలగట్టు మీద కొత్తకోడలై నడుస్తుంది.

దీన్ని మనం “ఆడపిల్లల ఆట” అని ఒక్క మాటతో తీసిపారేశాం. కాస్త ఆగి చూడండి. మనిషి బొమ్మ కంటే గుడి పొట్టిగా ఉంటే చూసినవాళ్ళు నవ్వుతారు. కనుక కొలువు పెట్టే పిల్లకు స్కేలు సంగతి తెలిసి తీరాలి. భోగినాటికి చేలు పచ్చగా ఉండాలంటే ఆవాలు ఎన్ని రోజుల ముందు చల్లాలో లెక్క తెలియాలి. చిప్పను చీకటి మూలలో పెడితే మొలకలు పాలిపోయి, సన్నగా సాగి, పక్కకు వాలిపోతాయి. వెలుతురులో పెడితే పొట్టిగా, పచ్చగా నిలబడతాయి. వెలుతురు లేనిచోట మొలక ఎందుకలా సాగుతుందో మేము డిగ్రీ వృక్షశాస్త్రంలో రెండు పేజీలు చదివాం. ఆ రెండు పేజీలూ చదవకుండానే పదేళ్ళ పిల్ల చిప్పను ఎండ పడే కిటికీ దగ్గరకు జరిపింది. ఇందులో పరిశీలన ఉంది, ఊహ ఉంది, ప్రయోగం ఉంది, ఫలితమూ ఉంది. లేనిదల్లా మార్కులే!

దుకాణంలో దొరకని బొమ్మ

మాది వ్యవసాయ కుటుంబం. మిరపా, పత్తీ వేస్తాం. ఆరో తరగతి చదివే మా తమ్ముడికి తిరునాళ్ళలో ఒక ప్లాస్టిక్ బొమ్మ కొనిపెట్టారు. ఏదో విదేశీ సినిమాలోని వీరుడట. కండలు తిరిగిన ఒళ్ళు, ఎర్రని అంగవస్త్రం, నిలబడ్డ తీరులోనే ఒక పొగరు. రెండు రోజులు ఎగరేసి ఆడాడు. మూడోరోజుకు చెయ్యి ఊడింది. మామూలుగా అయితే బొమ్మ కథ అంతటితో సరి.

కాని వాడు ఆ బొమ్మను పారేయలేదు. ఎర్ర అంగవస్త్రం ఊడదీసి తలపాగా చుట్టాడు. తలనొప్పి మందు డబ్బీకి పురికొస కట్టి వీపుకు తగిలించాడు. ఊడిన చేతి స్థానంలో అయిపోయిన పెన్ను రీఫిల్లు గుచ్చాడు. సైకిలు వాల్వు ట్యూబు ముక్కతో డబ్బీకీ రీఫిల్లుకీ లంకె వేశాడు. ఇంకేముంది? విదేశీ వీరుడు కాస్తా మా ఊళ్ళో మిరపచేలో మందు కొట్టే మనిషి అయిపోయాడు!

మొదట్లో బొమ్మ నిలబడలేదు. వీపు మీద డబ్బీ బరువుకు వెనక్కి పడిపోయేది. వాడు డబ్బీని కొంచెం కిందికి దించాడు, బొమ్మను కాస్త ముందుకు వంచాడు, చివరికి పాదాలకు తడి ఎర్రమన్ను ముద్ద పెట్టి ఆరబెట్టాడు. బొమ్మ నిలిచింది. గరిమనాభి అనే మాట వాడు వినలేదు. ఇంకో రెండు మూడేళ్ళకు గైడులో చూసి బట్టీపడతాడు. అప్పటికి ఈ బొమ్మ సంగతి గుర్తుంటుందో లేదో! మన చదువు తీరు అలా ఉంది మరి. తెలిసినదాన్ని మరిపించి, అదే విషయాన్ని తెలియని మాటల్లో మళ్ళీ నేర్పిస్తుంది.

ఇంకొక మాట చెప్పాలి. వాడు ఆ బొమ్మ మూతికి ఒక గుడ్డపేలిక కట్టాడు. మందు కొట్టేటప్పుడు మా నాన్న ఎన్నడూ మూతికి గుడ్డ కట్టుకోలేదు. “ఇదెందుకురా?” అని అడిగితే, “మందు లోపలికి పోకుండా” అన్నాడు వాడు. మా అమ్మ ఆ బొమ్మను చూసి, తర్వాత మా నాన్న వంక చూసింది. నాన్న ఏమీ అనలేదు. ఆ తర్వాత చేలోకి వెళ్ళేటప్పుడు మాత్రం తువ్వాలు అడిగి తీసుకెళ్ళాడు. తువ్వాలు పురుగుమందును పూర్తిగా ఆపలేదని రసాయనశాస్త్రం చదువుతున్న నాకు తెలుసు. సరయిన మాస్కు కావాలి, చేతులకు తొడుగులు కావాలి. కాని మా ఇంట్లో ఆ సంగతి మాటల్లోకి వచ్చింది నేను చదివిన పుస్తకాల వల్ల కాదు, వాడు చేసిన బొమ్మ వల్ల!

కొన్న బొమ్మ పిల్లవాడికి ఎవరి కథో చెబుతుంది. మార్చుకున్న బొమ్మ వాడి కథ చెబుతుంది. మందు కొట్టే మనిషి, కలుపు తీసే ఆడమనిషి, మిరపకాయ తొడిమలు తీసే ముసలమ్మ, ఈ బొమ్మలు నేనెరిగిన ఏ దుకాణంలోనూ లేవు. కనుక మన బతుకు మన పిల్లల ఆటలోకి రావాలంటే దాన్ని పిల్లలే చేసుకోవాలి.

పెద్దలు చేసిందీ ఇదే

ఇది పిల్లచేష్ట అనుకునేవారికి నాలుగు ఉదాహరణలు చెబుతాను.

కొండపల్లి బొమ్మనే తీసుకోండి. తెల్లపొణికి కర్రను ఆరబెట్టి, తలా, చేతులూ, ఒళ్ళూ విడివిడిగా చెక్కి అతుకుతారు. దేనితో? చింతగింజల పిండీ, రంపపు పొట్టూ కలిపి చేసిన మక్కుతో. పైన సున్నం పూత, ఆపైన రంగులు. మనం ఊసిపారేసే చింతగింజ అక్కడ దశావతారాలను నిలబెడుతోంది! ఏటికొప్పాకలో అంకుడు కర్రను తరిణె మీద తిప్పుతూ లక్క కడ్డీని దానికి ఒత్తుతారు. ఆ రాపిడి వేడికే లక్క కరిగి కర్రకు పట్టుకుంటుంది. ఘర్షణ వల్ల వేడి పుడుతుందని మనం పరీక్షలో రాస్తాం. వాళ్ళు ఆ వేడితో తిండి సంపాదించుకుంటున్నారు. ఆ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. గింజలు, బెరడు, ఆకుల నుంచి తీసే సహజ రంగులకు మళ్ళీ ప్రాణం పోసిన సి.వి. రాజుగారికి 2023లో పద్మశ్రీ లభించింది.

సినిమాల సంగతికి వస్తే, 1957 నాటి మాయాబజార్‌లో మనం నోరు తెరుచుకుని చూసిన ద్వారకానగరం మార్కస్ బార్‌ట్లే కెమెరా ముందు నిలిపిన చిన్న చిన్న ఇళ్ళ నమూనా. దాదాపు 300 బుల్లి ఇళ్ళు కట్టి దీపాలు పెట్టారని చెబుతారు. అంటే అదీ ఒక బొమ్మల కొలువే కదా! 1977లో వచ్చిన అమెరికా చిత్రం స్టార్ వార్స్‌లోని అంతరిక్ష నౌకల మీద కనిపించే గొట్టాలూ, పలకలూ చాలావరకు దుకాణాల్లో అమ్మే ట్యాంకుల, ఓడల ప్లాస్టిక్ బొమ్మల నుంచి విడదీసి అతికించినవే.

చండీగఢ్‌లో నేక్‌చంద్ అనే రోడ్డు ఇన్‌స్పెక్టరు పగిలిన గాజులూ, పింగాణీ ముక్కలూ, పాత విద్యుత్ సామానూ ఏరుకొచ్చి ఏళ్ళ తరబడి రహస్యంగా మనుషులనూ, జంతువులనూ తయారుచేశాడు. ఆ శిలా ఉద్యానవనాన్ని 1976లో ప్రజలకు తెరిచారు. 1984లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఊరు పారేసిన వస్తువులే ఆ ఊరికి పేరు తెచ్చాయి.

ఇక మన సైన్సు విద్యార్థులు తప్పక తెలుసుకోవలసినవాడు అరవింద్ గుప్తా. కాన్పూర్ ఐ.ఐ.టి.లో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చదివినవాడు. 1978లో కంపెనీ ఉద్యోగానికి సెలవు పెట్టి మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ విజ్ఞాన బోధన కార్యక్రమంలో పనిచేయడానికి వెళ్ళాడు. 1972లో 16 గ్రామీణ పాఠశాలల్లో మొదలైన కార్యక్రమం అది. 2002లో అక్కడి ప్రభుత్వం ఆపేసేవరకూ నడిచింది. అక్కడి సంతలో దొరికే సైకిలు వాల్వు ట్యూబును ముక్కలు చేసి, అగ్గిపుల్లలను వాటిలో గుచ్చి ఆయన ఆకారాలు కట్టించాడు. నాలుగు పుల్లల చతురస్రాన్ని నొక్కితే వాలిపోతుంది. మూడు పుల్లల త్రికోణం నొక్కినా కదలదు. మీరే చేసి చూడండి, అయిదు నిమిషాల పని. రాజమండ్రి దగ్గర గోదావరి మీద 1974 నుంచి రైళ్ళను మోస్తున్న రోడ్డు కమ్ రైలు వంతెన ఉక్కు గడ్డర్లలో కనబడేవి ఆ త్రికోణాలే! అరవింద్ గుప్తాకు 2018లో పద్మశ్రీ ఇచ్చారు. బాగుంది. కాని మన ప్రాక్టికల్ రికార్డుల్లో ఆయన అగ్గిపుల్లకు చోటేది?

మన ప్రదర్శనల తీరు

మన సైన్సు ప్రదర్శనలను ఒకసారి తలచుకుందాం. ఏ కాలేజీ అని కాదు, అన్నిచోట్లా ఇదే వరస. థర్మోకోల్ అగ్నిపర్వతం, థర్మోకోల్ గుండెకాయ, థర్మోకోల్ ఆనకట్ట. వీటిని డబ్బు తీసుకుని చేసిపెట్టే దుకాణాలు పట్నంలో ఉన్నాయి. ఆటోలో తెచ్చి బల్ల మీద పెట్టి, పక్కన ఒకరు నిలబడి బట్టీపట్టిన నాలుగు ముక్కలు అప్పజెబుతారు. నేను చూసిన ఒక ప్రదర్శనలో అలాంటి కొన్న నమూనాకే మొదటి బహుమతి వచ్చింది. దాని వెనకవైపు దుకాణం వాడి చీటీ కూడా ఊడలేదు! పక్క బల్ల మీద కొబ్బరిచిప్పా, గొడుగు కమ్మీలూ, సైకిలు డైనమోతో గాలిమర చేసి తెచ్చిన అబ్బాయికి “అందంగా లేదు” అన్న మాట దక్కింది. ఆ గాలిమర తిరిగింది, దీపం వెలిగింది. అందం అంటే ఇంకేం కావాలో నాకు అర్థం కాలేదు.

తప్పు ఆ విద్యార్థులదని నేననను. చేత్తో చేసే పని తక్కువదనీ, నోటితో చెప్పే చదువు ఎక్కువదనీ మనకు చిన్నప్పటి నుంచీ నూరిపోశారు. “చదువుకుని కూడా ఈ మట్టి పిసుకుడేమిటి?” అని మా ఇళ్ళల్లోనే అంటారు. రైతు ఇంట పుట్టి, స్ప్రేయరు వాషరు పోతే పాత ట్యూబు ముక్క కత్తిరించి వేసే నాన్నను రోజూ చూస్తూ పెరిగినవాళ్ళం, కాలేజీ మెట్లెక్కగానే ఆ ట్యూబు ముక్కను మాట్లాడటానికి పనికిరాని విషయంగా చూస్తున్నాం. ఇంత ఖర్చు పెట్టి చదువుకుంటూ ఇంటి నుంచి తెచ్చుకున్న తెలివిని గేటు దగ్గర వదిలేయడం నష్టం కాదా?

కొన్ని అభ్యంతరాలు

“పేదపిల్లలకు చెత్త చాలు, మైక్రోస్కోపులు అక్కర్లేదంటావా?” అని మా లెక్చరరుగారు ఒకరు నన్ను నిలదీశారు. న్యాయమైన ప్రశ్న. నేనలా అనడం లేదు. అగ్గిపెట్టె మైక్రోస్కోపుకు బదులు కాదు. ప్రయోగశాల గ్రాంటు తగ్గించడానికి ఎవరైనా ఈ వాదాన్ని సాకుగా వాడుకుంటే వాళ్ళను అడ్డుకునేవాళ్ళలో నేనూ ఉంటాను. నేను చెప్పేది ఇంతే: చిప్పలో మొలకను గమనించడం అలవాటైన కన్ను మైక్రోస్కోపులో కూడా ఎక్కువ చూస్తుంది.

రెండో అభ్యంతరం ప్రమాదం గురించి. ఇదీ నిజమే. ఇంట్లో దొరికిందల్లా పిల్లల చేతికివ్వరాదు. వినాయకుడి మట్టిబొమ్మకు కళ్ళుగా పెట్టే గురివింద గింజ చూడటానికి ఎంత ముద్దుగా ఉంటుందో లోపల అంత విషం. పైపెంకు గట్టిది కనుక ఆగుతుంది గాని, నమిలినా, సూదితో గుచ్చి పొడి లోపలికి పోయినా ప్రాణాంతకం. బొత్తాంలాంటి చిన్న బ్యాటరీని మింగితే అది గొంతులో ఇరుక్కుని, తడి తగిలి, విద్యుత్తు పారి, అక్కడ క్షారం పుట్టి రెండు గంటల్లోనే కండను కాల్చేస్తుంది. పాత తలుపుల నుంచి గీకిన రంగులో సీసం ఉండవచ్చు. మన దేశంలో ఇంటిరంగుల్లో సీసం మిలియనుకు 90 భాగాలు మించరాదన్న నిబంధన 2017లోనే అమలులోకి వచ్చింది. దుకాణాల్లో అమ్మే బొమ్మలకు 2021 జనవరి 1 నుంచి ఐ.ఎస్.ఐ. ముద్ర తప్పనిసరి చేశారు. మరి ఇంట్లో చేసే బొమ్మకు ముద్ర వేసేదెవరు? మనమే! ఏ వస్తువు ఎందుకు ప్రమాదమో పక్క పిల్లలకు చెప్పలేకపోతే మన బి.యస్సీ. దేనికి?

మూడోది, “అందరూ ఇంట్లోనే చేసుకుంటే కొండపల్లి వాళ్ళ బొమ్మలు ఎవరు కొంటారు?” అన్నది. నాకు ఇది తలకిందులుగా కనిపిస్తుంది. ఒక్క చెయ్యి అతకడానికి మూడుసార్లు తంటాలు పడినవాడికే ఆ అతుకు విలువ తెలుస్తుంది. బేరమాడే నోరు కాస్త తగ్గుతుంది.

ఏం చేద్దాం?

ఉపన్యాసం చెప్పి ఊరుకోవడం నాకిష్టం లేదు. విద్యార్థి సంఘం ముందు నాలుగు ప్రతిపాదనలు పెడుతున్నాను.

ఒకటి: ఈ ఏటి సైన్సు ప్రదర్శనలో ఒక విభాగం కొన్న వస్తువు లేకుండా చేసిన వాటికే కేటాయించాలి. నిబంధన ఒక్కటే. న్యాయనిర్ణేతల ఎదుట నమూనాను విప్పి, మళ్ళీ బిగించి చూపాలి. కొన్నదెవరో, చేసిందెవరో పది నిమిషాల్లో తేలిపోతుంది.

రెండు: ప్రతి హాస్టలు బ్లాకులో ఒక అట్టపెట్టె పెట్టాలి. అయిపోయిన రీఫిల్లులు, సీసా మూతలు, తెగిన తీగలు, పాడైన ఇయర్‌ఫోన్లు, చిరిగిన గుడ్డలు అందులో వెయ్యాలి. బ్యాటరీలు మాత్రం వేరే డబ్బాలో.

మూడు: సంక్రాంతి సెలవుల ముందు దగ్గరలోని ప్రాథమిక పాఠశాలలో పిల్లలతో కలిసి ఒక కొలువు పెట్టాలి. మెట్లు వద్దు, కింది ఊరు చాలు. ఆ ఊళ్ళో ఎవరెవరుండాలో పిల్లలే చెప్పాలి. ఆటో తోలేవాడూ, ఆశా కార్యకర్తా, గల్ఫు వెళ్ళిన తండ్రీ, ఎవరైనా రావచ్చు. మనం నేర్పడానికి వెళ్ళకూడదు, కత్తెర అందించడానికి వెళ్ళాలి.

నాలుగు: మా గురువులకు ఒక మనవి. ప్రాక్టికల్ మార్కుల్లో అయిదంటే అయిదు, విద్యార్థి స్వయంగా చేసిన ఏదైనా పరికరానికి కేటాయించండి. 2020 జాతీయ విద్యావిధానం వచ్చాక ఎన్.సి.ఇ.ఆర్.టి. బొమ్మలతో బోధన గురించి ఉపాధ్యాయులకు ఏకంగా కరదీపికే తెచ్చింది. బడి పిల్లలకు మంచిదైనది మాకు చెడ్డదెలా అవుతుంది? పూర్వ విద్యార్థులకూ ఒక మాట. మీరు ఏటా ఇచ్చే షీల్డులు బీరువాలో దుమ్ము పట్టి ఉన్నాయి. ఈసారి ఒక చిన్న రంపం, రెండు పట్టకార్లు, ఒక సోల్డరింగ్ ఐరన్ ఇప్పించండి. వాటికి దుమ్ము పట్టకుండా చూసుకునే పూచీ మాది.

మిత్రులారా! వాడిపారేసే కాలం ఇది. చెయ్యి విరిగిన బొమ్మను పారేయడం ఎంత తేలికయిందో, పాత ఫోనును పారేయడం, పాత పంటను పారేయడం, చివరికి ముసలితనంలో మనిషిని పక్కన పెట్టడం కూడా అంత తేలికవుతోంది. విరిగినదాన్ని చేతిలోకి తీసుకుని “ఇది ఇంకేమవుతుంది?” అని అడిగే అలవాటు బొమ్మతో మొదలైతే, రేపు పొలం దగ్గర, ప్రయోగశాలలో, ఆసుపత్రిలో కూడా ఆ ప్రశ్న మనకు గుర్తొస్తుంది. అట్టపెట్టెలు వచ్చే సోమవారం నుంచి పెడదామని మా బ్లాకు వాళ్ళం అనుకున్నాం. మీ బ్లాకు సంగతి మీరు చెప్పండి.